టెంప్ అనే ఫైలూ, పెళ్ళికొడుకు గుణగణాలూ

ఒక పెళ్ళికొడుకు ఒంట్లో డీజిల్ ఇంజను బిగించిన ఘనత నాది. అప్పుడే నవ్వకండి, చివరికి మిగలదు. ఆ ఇంజను వల్ల ఒక సంబంధం, ఒక ఉద్యోగం, ఇద్దరు పెద్దమనుషుల పరువు ఒక్క పూటలో గోదాట్లో కలిసిపోబోయాయి. ఇన్నేళ్ళయినా ఆ రోజు తలుచుకుంటే నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే ముడుచుకుపోతుంది. తప్పు చేసింది అదే మరి.

ఎనభైల చివరి సంవత్సరాలు. నాకప్పుడు ఇరవై రెండు. బీకాం అయింది, టైపు హయ్యరు అయింది, రాజమండ్రిలో మూర్తిగారి జాబ్ టైపింగ్ సెంటర్లో చేరాను. మూర్తిగారు అప్పుడే ఒక కంప్యూటర్ తెప్పించారు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ప్రత్యేకంగా ఒక గది కట్టి, ఏసీ పెట్టించారు. మాకు మాత్రం ఫ్యానే. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. మొదటి నెలంతా జనం పురుడు చూడ్డానికి వచ్చినట్టు వచ్చి, అద్దంలోంచి చూసి, "బావుందండి, బావుందండి" అనేసి వెళ్ళేవారు.

దాన్ని ముట్టుకునే అధికారం ఊళ్ళో నాకొక్కదానికే అని నా నమ్మకం. హైదరాబాదులో పదిరోజులు ట్రైనింగ్ అయ్యొచ్చాను కదండీ. పదిరోజుల చదువుకి పదేళ్ళ గర్వం వచ్చేసింది. మా నాన్నగారికి మాత్రం ఇది బొత్తిగా నచ్చలేదు.

"శుభ్రంగా బీఈడీ చేసి టీచరు ఉద్యోగం చేసుకోవే. ఆ టీవీ పెట్టె ముందు కూచుని ఏం బాగుపడతావు?"

"ఆర్నెల్లు చూడండి నాన్నగారూ. అప్పటికీ నేను పనికిరాననిపిస్తే మీరు చెప్పినట్టే వింటాను."

ఆ ఆర్నెల్లలో అయిదో నెల నడుస్తుండగా జరిగింది ఇదంతా.

ముందు మీకో చిన్న సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా కంప్యూటర్లో ఒకేసారి ఒక కాగితమే తెరవడం కుదిరేది. ఒక ఉత్తరంలోని పేరా ఇంకో ఉత్తరంలోకి కావాలంటే, ఆ పేరాకి మొదట్లో ఒక గుర్తు, చివర్లో ఒక గుర్తు పెట్టి, దాన్ని విడిగా ఒక చిన్న ఫైల్లోకి రాయాలి. ఆ చిన్న ఫైలుకి ఒక పేరు పెట్టాలి. తర్వాత రెండో ఉత్తరం తెరిచి, ఆ పేరు చెప్పి పిలిస్తే పేరా వచ్చి కూర్చుంటుంది. పక్కింటికి కూర పంపడానికి గిన్నె వాడతాం చూడండి, అలాగన్నమాట. తెలివైనవాళ్ళు కూరకో గిన్నె, పాయసానికో గిన్నె పెడతారు. నేను అన్నిటికీ ఒకటే గిన్నె పెట్టాను. దాని పేరు టెంప్. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు, టకటకా కొట్టెయ్యొచ్చు.

ఆ రోజు పొద్దున్నే కోటిలింగాల రేవు నుంచి నూకరాజుగారొచ్చారు. ఆయనది చేపల వేట. పాత పడవకి కొత్త డీజిల్ ఇంజను బిగించారు. అది నానా తిప్పలూ పెడుతోంది. కాకినాడలో అమ్మిన షాపువాళ్ళకొకటి, మద్రాసులో కంపెనీవాళ్ళకొకటి, ఇంగ్లీషులో రెండు ఉత్తరాలు కావాలన్నారు.

"గట్టిగా రాయండమ్మా. మెత్తగా రాస్తే ఆళ్ళు చదవరు."

"చెప్పండి, ఏంటి దాని జబ్బు?"

ఆయన చెప్తుంటే నేను ఇంగ్లీషులోకి మారుస్తూ కొట్టాను. దాని సారాంశం ఇది: "వచ్చిన రోజు నుంచీ ఇది ఒక్కనాడు సరిగ్గా పనిచెయ్యలేదు. పొద్దున్నే నలుగురు పట్టి తిప్పితే గానీ కదలదు. కదిలాక పొగ తప్ప పని కనపడదు. నూనె విపరీతంగా తాగుతుంది. మధ్యలో ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంది. లోపల్నుంచి వింత శబ్దాలొస్తాయి. దీనితో మా ఇంటిల్లిపాదీ విసిగిపోయాం. దయచేసి దీన్ని మీరు తీసేసుకుని ఇంకోటి ఇప్పించగలరు."

కాకినాడ ఉత్తరం అయిపోయింది. జబ్బుల పేరా రెండో ఉత్తరంలోనూ అదే కాబట్టి దాన్ని టెంప్‌లోకి రాశాను. మద్రాసు ఉత్తరం మొదలుపెట్టబోతుండగా గుమ్మంలోంచి ఒక గొంతు వినపడింది.

"అమ్మాయ్ సీతా! పన్నెండింటి బస్సు!"

వీరభద్రంగారు. మెయిన్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు. కొట్టులో గిన్నెల చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు ఎక్కడైనా అంతే, మైకు ముందున్నట్టుంటుంది. వాళ్ళబ్బాయి రాంబాబుకి సంబంధాలు చూస్తున్నారు. అప్పటికి రెండు చేతిదాకా వచ్చి జారిపోయాయి. మూడోది జంగారెడ్డిగూడెంలో, పొగాకు వ్యాపారం చేసే గోపాలరావుగారమ్మాయి. పిల్ల ఇంగ్లీషు సాహిత్యం చదువుతోంది. అందుకని బయోడేటా ఇంగ్లీషులో, అందులోనూ కంప్యూటర్లో ఉండాలని వీరభద్రంగారి పట్టుదల.

"ఇవాళే చేతికివ్వాలమ్మా. ఇది కూడా జారిపోతే వాళ్ళమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"నూకరాజుగారూ, ఒక్క పావుగంట కూర్చుంటారా?" అని అడిగాను.

"ఆయ్, కూకుంటానమ్మా. వలేసి కూకోడం అలవాటేగా," అన్నారాయన.

రాంబాబు పాత బయోడేటా మా దగ్గరే ఉంది. కొత్తది కొత్త పద్ధతిలో తయారుచేస్తున్నాను.

"పొడుగు ఒక అరంగుళం పెంచమ్మా."

"పెరిగాడా అండి?"

"చెప్పుల్తో కొలిచాం. తాడితోటలో రెండో కొట్టు వాడే చూస్తున్నాడని కూడా వెయ్యి. కానీ ఆ గుణగణాల పేరా ఉంది చూడు, దాన్ని మాత్రం అక్షరం కదపకు. కాలేజీ లెక్చరరు గారి చేత రాయించాను. పాతదాంట్లోంచి ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టెయ్."

సరే. పాత బయోడేటా తెరిచాను. గుణగణాల పేరాకి మొదట గుర్తు పెట్టాను, చివర గుర్తు పెట్టాను, విడిగా రాయమన్నాను. పేరేంటని అడిగింది. అలవాటు కొద్దీ టెంప్ అని కొట్టాను. కంప్యూటర్ నాకంటే బుద్ధిమంతురాలు కాబట్టి అడిగింది: "ఆ పేరుతో ఒకటి ఇప్పటికే ఉంది. దాని మీదే రాసెయ్యనా? అవునా, కాదా?"

నా బుర్ర చురుగ్గా పనిచేసింది. అందులో నూకరాజుగారి ఇంజను ఉంది కదా, చెరిపేస్తే మళ్ళీ కొట్టుకోవాలి. వద్దు, ఇంకో పేరు పెడదాం. "కాదు" అని నొక్కాను. చూశారా, అక్కడిదాకా ఎంత తెలివైనదాన్నో!

సరిగ్గా అప్పుడే వీరభద్రంగారు, "అమ్మాయ్! బస్సూ!" అని ఒక్క కేక పెట్టారు. నా బుర్రలోని ఇంకో పేరు ఆ కేకకి ఎగిరిపోయింది. పని అయిపోయిందనుకుని కొత్త బయోడేటా తెరిచి, గుణగణాలు అనే శీర్షిక కింద ఆపి, టెంప్‌ని పిలిచాను. పిలవగానే వచ్చింది పాపం. ఏడెనిమిది లైన్లు, చక్కగా కుదురుగా కూర్చుంది. దూరం నుంచి చూస్తే ఇంగ్లీషంతా ఒకలాగే ఉంటుందండి. నేను చదవలేదు. ప్రింటు కొట్టాను.

ప్రింటరు కీచుకీచుమంటూ అయిదు కాపీలు తీసింది. వీరభద్రంగారికి ఇంగ్లీషు రాదు. కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసుకుని, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మా వాడు ఇందులో ఇంకా బాగున్నాడు!" అని మురిసిపోయి, నాలుగు కాపీలు కవర్లో పెట్టి, అంటించి, బస్సుకి పరిగెత్తారు. అయిదోది మూర్తిగారు అడిగి తీసుకుని, "నమూనా" అని రాసి వీధి వైపు అద్దం తలుపుకి అతికించారు. కంప్యూటర్లో బయోడేటాలు చేస్తామని ఊరందరికీ తెలియాలిగా.

నేను నూకరాజుగారి రెండో ఉత్తరం అందుకున్నాను. టెంప్‌ని పిలిచాను. ఇంజను పేరా వచ్చింది. తృప్తిగా చూసుకున్నాను. చూసుకుంటుంటే ఎక్కడో వీపు మధ్యలో చిన్న చలి మొదలైంది.

ఇంజను ఇంకా టెంప్‌లోనే ఉంటే, మరి రాంబాబుని ఎందులోంచి తెచ్చాను?

లేచి అద్దం తలుపు దగ్గరికి పరిగెత్తాను. చెప్పుల్లేకుండా వీధిలోకి దూకి ఆ నమూనా చదివాను. పేరు రాంబాబు. చదువు బీకాం. పొడుగు అరంగుళం ఎక్కువ. గుణగణాలు: వచ్చిన రోజు నుంచీ ఇది ఒక్కనాడు సరిగ్గా పనిచెయ్యలేదు.

నా మొహం చూసి నూకరాజుగారు కంగారుగా వచ్చారు. "ఏంటమ్మా, ఏవైంది?"

మొత్తం తెలుగులో చదివి వినిపించాను.

"అది మా ఇంజను కదమ్మా?"

"అవునండి."

"ఆ స్టీలు కొట్టు శెట్టిగారబ్బాయికి రాసేశారా?"

"రాసేశానండి."

ఆయన కాస్త ఆలోచించారు. "ఆ అబ్బాయి సంగతి మా ఇంజనుకేవీ రాయలేదు కదా? బుద్ధిమంతుడు, పెద్దలంటే గౌరవం అని గానీ రాస్తే కంపెనీవోడు మొహం కూడా చూడడు."

"లేదండి, మీది సరిగ్గానే ఉంది."

"హమ్మయ్య," అని ఒక నిట్టూర్పు విడిచి, మళ్ళీ నా మొహం చూసి, "ఉండమ్మా, బస్సు ఆపిస్తాను," అంటూ పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. అరగంటకి ఒగురుస్తూ వచ్చారు. "బ్రిడ్జి ఎక్కేసిందంటమ్మా."

ఇక మూర్తిగారికి చెప్పక తప్పలేదు. ఆయన ముందు కంప్యూటర్ వైపు చూశారు. "కంప్యూటర్ తప్పు చెయ్యదే!"

"అది చెయ్యలేదండి. నేను చేశాను."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. లేచారు. అద్దం మీది నమూనా పీకి ఎనిమిది మడతలు పెట్టి జేబులో దాచారు. మళ్ళీ కూర్చున్నారు. "ఫోన్ చేద్దాం" అన్నారు. జంగారెడ్డిగూడెంలో వాళ్ళ ఫోను చచ్చిపోయి వారమైందట. "అయితే టెలిగ్రాం" అన్నారు.

నేనిక్కడ నోరు మూసుకోకుండా ఉండాల్సింది. మూర్తిగారికి తన ఇంగ్లీషు మీద చాలా నమ్మకం. టెలిగ్రాం ఆఫీసులో ఫారం తీసుకుని, మాటలు వీలైనంత కుదించి, ఇలా రాశారు: "బాయ్ కేరెక్టర్ మిస్టేక్. గుడ్ కేరెక్టర్ బ్రింగింగ్ టుమారో."

కౌంటరులో గుమాస్తా రెండుసార్లు చదివాడు. "పెళ్ళి వ్యవహారమా అండి?"

"అవును."

"ఇలాగే పంపమంటారా?"

"ఇలాగే," అన్నారు మూర్తిగారు. గుమాస్తా మావైపు జాలిగా చూసి ముద్ర కొట్టాడు.

మర్నాడు మొదటి బస్సుకి నేనూ మూర్తిగారూ బయల్దేరాం. సరైన బయోడేటాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్ళో పట్టుకున్నాను. కొవ్వూరు దాటాం. దేవరపల్లిలో మూర్తిగారు టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఎటో చూస్తూ అన్నారు: "అమ్మా సీతా, నువ్వు బీఈడీ చెయ్యొచ్చు కదా."

అప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మా నాన్నగారు ఆ మాట అంటే కోపం వచ్చేది. ఈయన అంటే భయం వేసింది. నాకు ఆ పనంటే ఎంత ఇష్టమో ఆ బస్సులో తెలిసింది. ఒకసారి కొట్టిన మాటని మళ్ళీ కొట్టక్కర్లేకుండా ఎక్కడికి కావాలంటే అక్కడికి నడిపించడం, అదొక మంత్రంలా ఉండేది నాకు. ఆ మంత్రం పోతుందేమో అని కొయ్యలగూడెం వరకూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

గోపాలరావుగారి వరండాలోకి అడుగుపెట్టేసరికి, రాత్రి అక్కడే ఆగిపోయిన వీరభద్రంగారు ఒక మూల కుర్చీలో ఉత్తరీయం మొహం మీద కప్పుకుని కూర్చున్నారు. కవర్లో ఏముందో ఆయనకి వీళ్ళు చదివి చెప్తేనే తెలిసిందట. గోపాలరావుగారి ఎడంచేతిలో బయోడేటా, కుడిచేతిలో టెలిగ్రాం.

"మంచి కేరెక్టర్ తెస్తామన్నది మీరేనా?"

"మేమేనండి," అంటూ మూర్తిగారు ప్లాస్టిక్ కవరు ప్రసాదంలా ముందుకి చాపారు.

"అంటే మొదటిది చెడ్డదనేగా?"

"మొదటిది ఇంజనండి."

"నూనె విపరీతంగా తాగుతాడని రాశారు. పెళ్ళికొడుకు విషయంలో నూనె అంటే మందనుకోక మేం ఏమనుకోవాలండి? పైగా, ఇంటిల్లిపాదీ విసిగిపోయాం, మీరు తీసేసుకోండి అట! కన్నకొడుకుని ఎవరైనా 'ఇది' అంటారా?"

ఉత్తరీయం కింద నుంచి వీరభద్రంగారి గొంతు వినపడింది, జన్మలో మొదటిసారి మెల్లగా. "నేననలేదండీ బాబూ..."

మూర్తిగారు నోరు తెరవబోయారు. మళ్ళీ ఆయన ఇంగ్లీషేదో వస్తుందని భయపడి నేనే ముందుకొచ్చాను. "తప్పు నాదండి. వీళ్ళిద్దరికీ ఏం సంబంధం లేదు" అని మొదలుపెట్టి, నూకరాజుగారు, పడవ, టెంప్ ఫైలు, కేక, బస్సు అన్నీ చెప్పాను. మధ్యలో కూర గిన్నె సంగతి కూడా చెప్పాను. చివరికి, "అబ్బాయిని నేను కొట్లో చూశానండి. మర్యాదస్తుడు. నావల్ల ఆయనకి ఈ సంబంధం పోతే నేను మళ్ళీ కీబోర్డు ముట్టుకోను" అనేశాను. అనేశాక, ఎందుకన్నానా అనిపించింది.

అప్పుడు లోపల్నుంచి అమ్మాయి వచ్చింది. విజయలక్ష్మి. నా వయసే ఉంటుంది. చేతిలో బయోడేటా ఇంకో కాపీ. మొహం చాలా గంభీరంగా ఉంది, కానీ పెదాలు మాట వినడం లేదు.

"ఒక్క సందేహమండి. పొద్దున్నే నలుగురు పట్టి తిప్పితే గానీ కదలడన్నది కూడా ఇంజనేనా?"

"ఇంజనేనండి."

ఉత్తరీయం దిగింది. వీరభద్రంగారు నిజాయితీపరుడండి. అప్పటిదాకా అవమానంతో ఉడికిపోతున్న మనిషి, ఇక ఆపుకోలేక అన్నారు: "అదొక్కటీ మావాడికి కూడా వర్తిస్తుందమ్మా. ఎనిమిదింటిదాకా లేవడు."

"మరి పొగ?"

ఆయన దూలాల వైపు చూశారు. "మానేస్తానన్నాడమ్మా."

"వింత శబ్దాలు?"

"అవి నిద్రలోనే."

అంతే. గోపాలరావుగారు టెలిగ్రాంతో మొహం కప్పుకున్నారు. కోపమేమో అనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. లోపల గదిలో ఎవరో ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. చివరికి ఆయన కళ్ళు తుడుచుకుని, "కాఫీ పట్రండర్రా," అని కేకేశారు. ఆ కాఫీ వాసనకి నా ప్రాణం నాలోకి వచ్చింది.

"నాన్నా, ఇప్పటిదాకా తొమ్మిది బయోడేటాలొచ్చాయి," అంది విజయలక్ష్మి. "అందరూ చామనచాయే, అందరూ బుద్ధిమంతులే, అందరికీ పెద్దలంటే గౌరవమే. ఏదీ రెండో లైను దాటి చదవబుద్ధెయ్యలేదు. దీన్ని నాలుగుసార్లు చదివాను. అడిగితే ఉన్నమాట ఒప్పుకునే మావగారు కూడా ఉన్నారు. అబ్బాయిని ఒకసారి రమ్మనండి, చూస్తాను."

నేను సరైన బయోడేటా ఆమెకిచ్చాను. లెక్చరరుగారి పేరా పైనుంచి కిందికి చూసి, మడతపెట్టి తిరిగిచ్చేసింది. "ఇది బాగాలేదండి."

పదిరోజుల తర్వాత రాంబాబు పిల్లని చూడ్డానికి వెళ్ళాడు. అదీ మొదటి బస్సుకి! ఎవరూ తిప్పకుండానే నాలుగింటికి లేచాడని వీరభద్రంగారు కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పారు. సంబంధం ఖాయమైంది. నూకరాజుగారి ఉత్తరాలూ వృథా కాలేదు. కంపెనీ నుంచి మెకానిక్ వచ్చి, ఏదో గొట్టం తలకిందులుగా బిగించారని కనిపెట్టి సరిచేశాడు. ఆయన ఆ పడవ మీద ఎక్కడా ఆగకుండా పట్టిసీమ దాకా వెళ్ళొచ్చి, మా ఇంటికి చేపలు పంపించారు. మా నాన్నగారు ఆ పులుసు తిన్న వారంరోజులూ నా ఉద్యోగం ఊసెత్తలేదు. మూర్తిగారు కూడా నన్ను తీసెయ్యలేదు. "ఈ మెషీన్ మీద చేయదగ్గ తప్పులన్నీ నీకు తెలిసిపోయాయి. కొత్తవాళ్ళని పెడితే మొదట్నుంచీ చేస్తారు" అన్నారు.

ఇక పెళ్ళి శుభలేఖలు. వీరభద్రంగారు వచ్చి మొహమాటంగా నిలబడ్డారు. "ఏమనుకోకమ్మా సీతా. నీమీద నాకు అభిమానమే. కానీ శుభలేఖలు మాత్రం అచ్చాఫీసుకిస్తాను. అక్కడ ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్న మనిషి ఒక్కొక్క అక్షరం చేత్తో ఏరి పేరుస్తాడు. పొరపాటు జరిగే ప్రసక్తే లేదు."

సరేనని తలూపాను.

వారం తర్వాత ఆయనే ఒక పెద్ద కట్ట మోసుకుని మళ్ళీ వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. ఒక కార్డు నా చేతిలో పెట్టారు. ఎర్రటి అక్షరాలు, బంగారు అంచు, పైన పసుపుబొట్లు. వరుడు: చిరంజీవి విజయలక్ష్మి. వధువు: చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి రాంబాబు.

అయ్యో అనాలి. పైకి అయ్యో అనే అన్నాను. కానీ లోపల్లోపల ఎంత హాయిగా ఉందో మీకు చెప్పలేను. ప్రపంచంలో నేనొక్కదాన్నే కాదన్నమాట!

మళ్ళీ అచ్చు వేయించేంత వ్యవధి లేదు. నేనూ, మూర్తిగారూ, వీరభద్రంగారూ ముగ్గురం బల్ల చుట్టూ కూర్చుని ఎర్రసిరా పెన్నులతో ఒక్కొక్క కార్డూ దిద్దాం. సాయంత్రమయ్యేసరికి వీరభద్రంగారు చిరంజీవి సౌభాగ్యవతి రాంబాబు అని తనే నవ్వుకుంటూ పాడడం మొదలెట్టారు.

ఆఖరి కార్డు దిద్దాక, వేళ్ళకి ఎర్రసిరా మరకలతోనే ఏసీ గదిలోకి వెళ్ళాను. చెప్పులు విడిచి, కంప్యూటర్ ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి, గోదావరి తల్లి సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ క్షణం నుంచి ఏ మాటనీ చదవకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయను. రెండు పనులకి ఒకే పేరు పెట్టను. బస్సు కాదు, బ్రిడ్జే వెళ్ళిపోతున్నా కంగారుపడి మీట నొక్కను.

ఆ ప్రమాణం ఇప్పటిదాకా తప్పలేదండి. ఎంతలా అంటే, పాల ప్యాకెట్టు కత్తిరించాలన్నా ముందు దాని మీదున్నదంతా మొదటి అక్షరం నుంచి ఆఖరి అక్షరం దాకా చదువుతాను. మా ఇంట్లో కాఫీ ఎప్పుడూ ఆలస్యమే.